పది డిగ్రీలకు రియాక్షన్ రెట్టింపట, గుద్దుకోవడం మాత్రం రెండు శాతం కూడా పెరగదట. లెక్క ఎక్కడ తేడా కొట్టింది?

కాలువగట్టు_ఇల్లు
మా పెద్దమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రెండు రోజులుగా ఇంట్లో ఒకటే గోల. కెమిస్ట్రీ నోట్సులో ఇలా ఉంది: "ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చర్యా రేటు సుమారు రెట్టింపవుతుంది. కారణం, అణువులు వేగంగా కదిలి ఎక్కువసార్లు ఢీకొంటాయి." ఇది పట్టుకుని అమ్మాయి లెక్క వేసింది. అణువు వేగం కెల్విన్‌లలో ఉన్న ఉష్ణోగ్రత వర్గమూలాన్ని బట్టి పెరుగుతుందట. 25 డిగ్రీలంటే 298, 35 అంటే 308. భాగించి వర్గమూలం తీస్తే 1.0166. అంటే వేగం పెరిగింది ఒకటిన్నర శాతం పైచిలుకు. "గుద్దుకోవడం ఇంతే పెరిగితే రియాక్షన్ నూరు శాతం ఎలా పెరిగింది నాన్నా?" అంటుంది. లెక్చరర్ గారిని అడిగితే "పరీక్షలో అలాగే రాసెయ్యి, మార్కులు పడతాయి" అన్నారట.

నేను బీకామ్. నాకు తెలిసిందల్లా ఇడ్లీ పిండి. ముమ్మిడివరం దగ్గర మాది. మే నెలలో మధ్యాహ్నం రుబ్బితే సాయంత్రం దీపాలవేళకి గిన్నె మూత లేచిపోతుంది. సంక్రాంతి రోజుల్లో రాత్రి రుబ్బితే పొద్దున్నే ముద్ద ముద్దలాగే ఉంటుంది. కాబట్టి రేటు పెరగడం నిజమే. కారణమే తేలడం లేదు.

మామిడికుదురు_మామ
పిండి పొంగకపోతే మినప్పప్పు పాతదని కొట్టువాణ్ణి తిట్టడం, పొంగిపోతే గిన్నె చిన్నదని మొగుణ్ణి తిట్టడం. మా ఇంట్లో కెమిస్ట్రీ అంతవరకే.

వేడివేడి_కాజా
ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముంది? వేడెక్కితే అణువులు గెంతుతాయి, ఎక్కువ గుద్దుకుంటాయి, రియాక్షన్ ఎక్కువవుతుంది. మేమూ అదే రాశాం, ఫస్ట్ క్లాసులో పాసయ్యాం.

కాలువగట్టు_ఇల్లు
కాజా గారూ, అదే తేలడం లేదంటున్నాను. 1.66 శాతం ఎక్కడ, నూరు శాతం ఎక్కడ?

వేడివేడి_కాజా
కెల్విన్ ఎందుకు, సెల్సియస్‌లో వెయ్యమనండి. 25 నుంచి 35 అంటే ఏకంగా 40 శాతం పెరిగినట్టే. సరిపోలేదూ?

కోరంగి_మడ
ఆ లెక్కన సున్నా డిగ్రీల దగ్గర అణువులన్నీ దుప్పటి కప్పుకుని పడుకోవాలి. ఐసు పెట్టెలో చేపల వాసన బయటికి రావడం ఆగిందా ఎప్పుడైనా?

సుద్దముక్క_రిటైర్డ్
అమ్మాయి లెక్క తప్పు కాదు, నోట్సే తప్పు. ముప్ఫై మూడేళ్ళు ఈ పాఠం చెప్పాను. మొదటి పదేళ్ళు నేనూ ఇలాగే చెప్పానని ఒప్పుకుంటున్నాను.

ముందు గుద్దుకోవడం సంగతి. మన గదిలోని గాలిలో ఒక నైట్రోజన్ అణువు సగటు వేగం సెకనుకు 475 మీటర్లు, గంటకు 1,700 కిలోమీటర్ల పైమాటే. అయితే మిల్లీమీటరులో పదిహేను వేలవ వంతు దూరం వెళ్ళేసరికే ఇంకోదాన్ని గుద్దేస్తుంది. అలా ఒక్కో అణువుకి సెకనుకు దాదాపు 700 కోట్ల గుద్దులు. గుద్దిన ప్రతిసారీ రియాక్షన్ జరిగేదైతే గ్యాసు పొయ్యికి అగ్గిపుల్లతో పనే ఉండకూడదు. నాబ్ తిప్పగానే భగ్గుమనాలి. అలా జరగడం లేదంటే కోట్ల కోట్ల గుద్దులు ఉత్తినే పోతున్నాయన్నమాట. ఒకదాన్నొకటి తోసుకుని ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు.

అందువల్ల ఎన్ని గుద్దులు అన్నది కాదు చూడవలసింది, వాటిలో పనికొచ్చేవి ఎన్ని అని. పాత బంధాలు సాగి తెగి కొత్తవి అతుక్కోవాలంటే కొంత కనీస శక్తి కావాలి. తెలుగు అకాడమీ పుస్తకాల్లో దీన్నే ఉత్తేజన శక్తి అన్నారు. మన భాషలో చెప్పాలంటే ఏటిగట్టు. వరద రోజుల్లో గట్టు మీద నిలబడి చూసినవాళ్ళకి తెలుస్తుంది. నీటి మట్టం గట్టుకి మూడడుగులు కిందనే ఉంటుంది, అలలు మాత్రం రకరకాలు. గంటలో ఏ ఒకటో రెండో అలలు ఎగిరి ఇవతలికి పడతాయి. మట్టం ఒక్క అంగుళం పెరిగితే ఏటిలో నీళ్ళు ఎంత పెరిగినట్టు? లెక్కలోకే రాదు. కానీ గట్టు దాటి పడే అలలు గంటకి రెండు కాస్తా నాలుగవుతాయి. సగటు మీద ప్రభావం కొంచెమే, కొసన ఉన్నవాటి మీద మాత్రం చాలా ఎక్కువ.

అమ్మాయిని ఈ లెక్క కూడా వెయ్యమనండి: ఉత్తేజన శక్తి మోలుకు 53 కిలోజౌళ్ళు అనుకుని, ఈ పవర్ మైనస్ ఈఏ బై ఆర్‌టీ. ఈఏ అంటే ఉత్తేజన శక్తి, ఆర్ వాయు స్థిరాంకం, టీ కెల్విన్‌లలో ఉష్ణోగ్రత; వచ్చేది గట్టు దాటే గుద్దుల వంతు. 298 దగ్గర ఒకసారి, 308 దగ్గర ఒకసారి. వచ్చిన రెండు అంకెలూ ఇక్కడ పెట్టమనండి.

లంక_పిల్లోడు
గట్టు పోలిక అదిరింది మాస్టారూ. 1986 ఆగస్టు వరదప్పుడు మా నాన్నగారూ వాళ్ళూ రాత్రంతా లాంతర్లు పట్టుకుని గట్టు కాసారట. అలలు లెక్కపెట్టే తీరిక మాత్రం ఉండి ఉండదు.

కొబ్బరి_వలుపు
గుద్దుకోవడం అంటే నాకు కొబ్బరికాయ గుర్తొస్తుంది. గుళ్ళో కొత్తగా కొట్టేవాళ్ళని చూడండి. మెల్లగా తట్టితే టక్‌మని చప్పుడే తప్ప పగలదు. బలంగా కొట్టినా ముచ్చిక దగ్గర తగిలితే చెయ్యి జివ్వుమంటుంది, కాయ నవ్వుతుంది. ముచ్చిక అరచేతి వైపు పెట్టుకుని, నడుం దగ్గర అడ్డంగా రాయికి ఒక్కటి వేస్తే రెండు చిప్పలు సమానంగా విడిపోతాయి. రోజుకి వెయ్యి కాయలు వలిచే చేతులివి, ఒట్టు.

సుద్దముక్క_రిటైర్డ్
వలుపు గారూ, నేను తరవాత చెబుదామనుకున్నది మీరే చెప్పేశారు. బలం ఒక్కటే చాలదు, తగలవలసిన చోట తగలాలి. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ గుద్దుకుని కార్బన్ డయాక్సైడ్ రావాలంటే, మొదటిదానిలోని కార్బన్ వైపు వెళ్ళి రెండోదానిలోని ఆక్సిజన్‌కి తగలాలి. ఆక్సిజన్‌కి ఆక్సిజన్ తగిలితే చెయ్యి జివ్వుమనడమే. కొన్ని చర్యల్లో శక్తి చాలిన గుద్దుల్లో కూడా లక్షకి ఒకటి సరైన దిశలో పడటం కష్టం. ఇథిలిన్‌కి హైడ్రోజన్ కలిసేది అలాంటిదే. పుస్తకంలో దీన్ని పీ అనే చిన్న అక్షరంతో సరిపెట్టేస్తారు. పిల్లలు దాన్ని ప్రెషర్ అనుకుంటారు.

వేడివేడి_కాజా
కొబ్బరికాయ పోలికలో లొసుగుంది. మెల్లగా అయినా పదిసార్లు కొడితే పదకొండోసారికి పగులుతుంది. అంటే మాస్టారూ, చిన్న గుద్దులు కూడా పనికొచ్చేవే. అప్పుడు మొత్తం గుద్దుల సంఖ్యే ముఖ్యం. నేను మొదట చెప్పిందే రైటు.

కోరంగి_మడ
కాజా గారు వదిలేలా లేరు 😄

సుద్దముక్క_రిటైర్డ్
కాజా గారి ప్రశ్న మంచిది, ఎటకారం కాదు. కాయకి దెబ్బ గుర్తుంటుంది. కనపడని బీట పడుతుంది, తరవాతి దెబ్బ ఆ బీట మీదే పనిచేస్తుంది. అణువుకి బీట ఉండదు. ఒక గుద్దులో కొంత శక్తి వచ్చిందనుకోండి, దాంతో అది కాస్త ఎక్కువ ఊగుతుంది, తిరుగుతుంది. సెకనులో 700 కోట్లవ వంతు గడిచేలోపు ఇంకోడు వచ్చి గుద్ది ఆ ఎక్కువని పట్టుకుపోతాడు. జేబులో డబ్బు పెట్టుకుని తీర్థంలో తిరిగినట్టు. వరసగా నాలుగుసార్లు అదృష్టం కలిసొచ్చి పోగేసుకున్నవాడే గట్టు దాటతాడు, అలాంటివాళ్ళు తక్కువ.

ఒక్క అణువు తనంతట తానే విడిపోయే చర్యలని ఇలాగే వివరించాడు లిండెమన్. ఎవరూ గుద్దకపోతే దానికి శక్తి ఎక్కడిది? గుద్దితేనే వస్తుంది. విడిపోయేలోపు ఇంకొకరు గుద్దితే పోతుంది. ఈ రెండింటి మధ్య పందెం.

వేడివేడి_కాజా
సరే, సగం ఒప్పుకుంటున్నాను.

పాశర్లపూడి_95
గ్యాసు, అగ్గిపుల్ల అన్నారు కాబట్టి చెప్తాను. 1995 జనవరి 8న మా పక్కన బావి పేలింది. నాకప్పుడు పదకొండేళ్ళు. ముందు జెట్ విమానం నెత్తి మీద ఆగిపోయినట్టు మోత. ఊరు ఖాళీ చేయించారు, అమ్మమ్మగారి ఊరు వెళ్ళాం. అక్కడికీ రాత్రి ఆకాశం ఎర్రగా కనపడేది. డాబా మీద చాపేసుకుని ఆ వెలుగులో అష్టాచెమ్మా ఆడుకున్నాం. పిల్లలకి ఏం తెలుస్తుంది, పెద్దవాళ్ళు ఏడుస్తుంటే మేం పందాలు కాశాం. 65 రోజులు మండింది.

ఇప్పుడు అడిగేదేమంటే, ఆ గ్యాసు గాలిలో కలిస్తే దానంతటది అంటుకోదు, రవ్వ కావాలి అంటున్నారు. ఒకసారి అంటుకున్నాక మళ్ళీ రవ్వ అక్కర్లేకుండా 65 రోజులు ఎలా మండింది?

సుద్దముక్క_రిటైర్డ్
మొదటి రవ్వ చేసే పని కొద్ది అణువులని గట్టు దాటించడమే. మీథేన్, ఆక్సిజన్ కలిసి కార్బన్ డయాక్సైడ్, నీరు అయ్యేటప్పుడు గట్టెక్కడానికి పెట్టిన దానికంటే చాలా ఎక్కువ శక్తి బయటికొస్తుంది. ఆ వేడి పక్కవాళ్ళని ఎక్కిస్తుంది, వాళ్ళ వేడి ఇంకా పక్కవాళ్ళని. దాంతో పాటు మంటలో తెగిపోయిన సగం సగం ముక్కలు తిరుగుతుంటాయి. వాటికి గట్టు చాలా తక్కువ, తగిలితే చాలు. కింద నుంచి గ్యాసు వస్తున్నంతకాలం ఆరే అవసరమే లేదు.

రావులపాలెం_గెల
మరి రవ్వ లేకుండానే జరిగేవి ఉన్నాయి కదా మాస్టారూ. కార్బైడ్ ముక్క మీద నాలుగు చుక్కలు నీళ్ళు పడితే చాలు, బుస్సుమని గ్యాసు. చిన్నప్పుడు మా చిన్నాన్న అరటి గెలలు మాగడానికి వాటి మధ్య కార్బైడ్ కాగితప్పొట్లాలు పెట్టడం చూశాను. గెలల చెమ్మకే పనిచేసేది. ఇప్పుడు చెయ్యకూడదు లెండి, 2011 ఆహార భద్రత నిబంధనల్లో నిషేధించారు. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఛాయలు ఉంటాయంటారు.

సుద్దముక్క_రిటైర్డ్
అవును, గట్టు ఎత్తు చర్యకో రకం. కార్బైడ్, నీరు కలిసి ఎసిటిలిన్, తడి సున్నం అయ్యేదానికి గట్టు చాలా పొట్టి. మన మామూలు ఎండకే దాటేస్తుంది. రాతి సున్నం మీద నీళ్ళు పోస్తే సలసల మరగడం కూడా అంతే.

హైదరాబాద్_లో_కోనసీమోడు
గెల గారూ, ఇప్పుడు ఇథిలిన్ గదుల్లో మాగపెడుతున్నారు కదా. వంద పీపీఎం వరకే అనుమతి అని విన్నాను. అంటే పది వేలలో ఒక వంతు. అంత కొంచెం గ్యాసు గెలని ఎన్నిసార్లు గుద్దితే పండుతుంది?

రావులపాలెం_గెల
గదిలో పెట్టి ఒకరోజు వదిలితే చాలు, తరవాత గ్యాసు తీసేసినా కాయే పని చూసుకుంటుంది. పూర్వం పొగ పెట్టేవాళ్ళం. అదీ ఇదే సూత్రమట, పొగలో కొంచెం ఇథిలిన్ ఉంటుందట. మా తాతకి ఇథిలిన్ అంటే తెలీదు, ఆరిన కొబ్బరి డొక్కలకి పొగ ఎక్కువని తెలుసు.

సుద్దముక్క_రిటైర్డ్
ఇథిలిన్ అక్కడ ముడిసరుకు కాదు, కబురు. కాయలో దాన్ని పట్టుకునే తలుపులుంటాయి. కబురు అందగానే కాయ తన ఎంజైములని తయారుచేసుకుని పిండిపదార్థాన్ని చక్కెర చేసుకుంటుంది. కబురు మోసుకొచ్చినవాడు ఒక్కడైనా చాలు, పెళ్ళి మొత్తం వాడు చెయ్యక్కర్లేదు.

తవుడు_బస్తా
ఎంజైము అన్నారు కాబట్టి నా గోడు వినండి. మాది రైస్ మిల్లు, రామచంద్రపురం వైపు. బియ్యం పాలిష్ పట్టగానే తవుడు నూనె ఫ్యాక్టరీకి పోవాలి. పోయిన వానాకాలం లారీ దొరక్క రెండు రోజులు బస్తాలు గోడౌన్‌లో ఉండిపోయాయి. బస్తాలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా, పైన అదో రకం సబ్బు వాసన. ఫ్యాక్టరీవాళ్ళు శాంపిల్ తీసి ఎఫ్ఎఫ్ఏ (నూనె విడిపోయి వచ్చే ఆమ్లాలు ఎంతున్నాయో) చూసి రేటు కోసేశారు. నలభై బస్తాల మీద దెబ్బ. వడ్లలో ఉన్నన్నాళ్ళు ఆరు నెలలైనా ఏమీ కాని నూనె, పాలిష్ పట్టిన రెండు రోజులకి ఎందుకు పాడైంది? వేడి పెరగలేదే! గోడౌన్‌లో మామూలు వేడే.

సుద్దముక్క_రిటైర్డ్
ఇది నా సర్వీసులో ఎవరూ ఇవ్వని ఉదాహరణ. వడ్ల గింజలో నూనె ఒక పొరలో, దాన్ని కోసే లైపేజ్ అనే ఎంజైము ఇంకో పొరలో ఉంటాయి. మధ్యలో గోడ. గుద్దుకోవడానికి అవకాశమే లేదు. పాలిష్ మిషను ఆ గోడ పడగొట్టి ఇద్దరినీ కలిపేసింది. ఇంక ఎంజైము చేసేది ఏటి మట్టం పెంచడం కాదు, గట్టుకి గండి కొట్టడం. అదే వేడిలో, అదే అలలు, కానీ దాటాల్సిన ఎత్తు తగ్గిపోయింది. పైగా నూనె అణువుని సరైన కోణంలో పట్టుకుని కూర్చోబెడుతుంది, అంటే కొబ్బరికాయని నడుం దగ్గరే తగిలేలా పట్టుకునే చెయ్యి అన్నమాట. ఉత్ప్రేరకం అంటే ఇంతే.

తవుడు_బస్తా
ఇప్పుడర్థమైంది. బాయిల్డ్ రైస్ ఆడినప్పుడు వచ్చే తవుడు ఇంత తొందరగా పాడవదు. ఎందుకా అనుకునేవాణ్ణి.

సుద్దముక్క_రిటైర్డ్
ఉడకబెట్టినప్పుడే లైపేజ్ చచ్చింది. పచ్చి తవుడుకి ఆవిరి పట్టి నిలవ చేసే పద్ధతి కూడా అందుకే. అందుకే "పది డిగ్రీలకి రెట్టింపు" అన్న మాట ఎంజైముల దగ్గర కొంత ఎత్తు వరకే చెల్లుతుంది. తరవాత ఎంజైము మడత విప్పుకుని పనికిరాకుండా పోతుంది.

మామిడికుదురు_మామ
మా ఆవిడ ఒకసారి పిండి తొందరగా పొంగాలని గిన్నెని మరిగే నీళ్ళ గిన్నెలో కూర్చోబెట్టింది. పొంగలేదు. ఉడికింది. ఉప్మా అనుకుని తిన్నాం.

అంతర్వేది_గాలి
మా ఊళ్ళో కొత్త సైకిలుకి ఆరు నెలల్లో తుప్పు. సముద్రం గాలిలో ఉప్పు అణువులు ఎక్కువ, అందుకని ఇనుముని ఎక్కువసార్లు గుద్దుతున్నాయి. ఇదీ ఇదేగా?

కోరంగి_మడ
కాదండీ. తుప్పు పట్టించేది ఆక్సిజన్, నీరు. ఉప్పు స్వయంగా ఇనుముతో కలిసిపోదు. తడిలో కరిగి, ఆ నీటి పొరలో కరెంటు తేలిగ్గా పారేలా చేస్తుంది. ఇనుము ఒకచోట ఎలక్ట్రాన్లు వదులుతుంది, ఇంకోచోట ఆక్సిజన్ తీసుకుంటుంది. ఉప్పు రోడ్డు వేసే మేస్త్రీ, కాపురం చేసేవాడు కాదు.

అంతర్వేది_గాలి
మేస్త్రీకి బిల్లు మాత్రం నేనే కడుతున్నాను.

చెరువు_కాపలా
భీమవరం దగ్గర రొయ్యల చెరువు, ఐదెకరాలు. ఈ పది డిగ్రీల లెక్క పుస్తకంలో చదవలేదు కానీ అనుభవించాను. వేడి పెరిగితే రొయ్య ఒంట్లో రియాక్షన్లూ పెరుగుతాయి, ఆకలెక్కువ, ఆక్సిజన్ వాడకం ఎక్కువ. అడుగున మిగిలిన మేత కుళ్ళడం కూడా స్పీడే, అదీ ఆక్సిజనే తింటుంది. నీళ్ళలో ఆక్సిజన్ మాత్రం తగ్గుతుంది. మంచినీళ్ళలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది, 30 దగ్గర 7.6 మాత్రమే. ఉప్పునీళ్ళలో ఇంకా తక్కువ. ఖర్చు పెరిగి, ఆదాయం తగ్గిన ఇల్లు.

రెండేళ్ళ కింద మే నెల, రాత్రి రెండింటికి కరెంటు పోయి, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయి. జనరేటర్ స్టార్టవ్వలేదు. నాలుగున్నరకి టార్చి వేసి చూస్తే గట్టు వారంట రొయ్యలన్నీ మీసాలు పైకి పెట్టి తేలుతున్నాయి. తెల్లారేసరికి అయిపోయింది. నెత్తి మీదంతా గాలి, అందులో ఐదో వంతు ఆక్సిజనే. నీళ్ళలోకి దిగే దారే లేదు.

పాశర్లపూడి_95
చదువుతుంటేనే కడుపులో దేవుతోంది బాబాయ్.

కాలువగట్టు_ఇల్లు
చెరువు గారూ, ఏరేటర్ చక్రాలు తిరిగితే నీళ్ళు చిమ్మడం తప్ప ఇంకేం చేస్తాయి? గాలి ఎలాగూ పైన ఉందిగా.

చెరువు_కాపలా
చిమ్మడమే పని. నీళ్ళు తుంపరలైతే గాలి తగిలే పైభాగం పెరుగుతుంది. ఊక సంగతి తెలుసుగా, దుంగ అంటుకోవడానికి అరగంట పడితే ఊక చిటికెలో రాజుకుంటుంది. అలాగే.

తవుడు_బస్తా
మిల్లులో ఊక దుమ్ము గాలిలో నిండుగా లేచినప్పుడు బీడీ వెలిగించిన హమాలీని నేను కొట్టినంత పని చేశాను. పొడి దుమ్ము మేఘం రవ్వ తగిలితే పేలుతుంది.

హైదరాబాద్_లో_కోనసీమోడు
ఇంకో డౌటు. గాలిలో 78 శాతం నైట్రోజన్. వరి ఆకుని సెకనుకు కోట్లసార్లు గుద్దుతుంది. అయినా మనం 45 కిలోల యూరియా బస్తా కోసం క్యూలో చెప్పులు పెట్టి నిలబడతాం. ఇంత అన్యాయమా?

సుద్దముక్క_రిటైర్డ్
గట్టు ఎత్తు ఎంత ఉండగలదో చెప్పడానికి దీన్ని మించింది లేదు. నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులూ మూడు బంధాలతో కట్టుకుని ఉంటాయి. ఆ కట్టు తెంచాలంటే మోలుకు 945 కిలోజౌళ్ళు. మనం 53 కిలోజౌళ్ళకే అవస్థ పడుతున్నాం. ఫ్యాక్టరీలో అమ్మోనియా చెయ్యడానికి 400 నుంచి 500 డిగ్రీల వేడి, వంద పైన వాతావరణ పీడనాలు, ఇనుము ఉత్ప్రేరకం ఇన్నీ కావాలి. పీడనం పెంచితే గుద్దులు నిజంగానే పెరుగుతాయి కాజా గారూ, మీ మాట అక్కడ చెల్లుతుంది.

వేడివేడి_కాజా
హమ్మయ్య. ఫస్ట్ క్లాస్ నిలబడింది.

లంక_పిల్లోడు
మరి మినుము, పిల్లిపెసర వేర్ల బుడిపెల్లో బాక్టీరియా ఆ పని చేలో వేడికే చేసేస్తుంది కదా. వరి కోతలయ్యాక మినుము చల్లేది అందుకే అనేవారు మా నాన్నగారు.

సుద్దముక్క_రిటైర్డ్
అదీ గండి కొట్టడమే. నైట్రోజనేజ్ అనే ఎంజైము. అయితే ఉచితం కాదు, మొక్క ఇచ్చిన చక్కెర బాగా ఖర్చుపెడుతుంది.

కోరంగి_మడ
మొత్తానికి ఇడ్లీ పిండిలో మినప్పప్పు దగ్గరికే వచ్చాం. మాస్టారూ, ఈ గుద్దుల సిద్ధాంతం ఎవరిది? అణువులు గుద్దుకోవడం ఎవరైనా చూశారా, లేక ఊహేనా?

సుద్దముక్క_రిటైర్డ్
గట్టు ఉందని లెక్క కట్టింది స్వీడన్‌లో అరీనియస్, 1889లో. గుద్దుల లెక్క దానికి జతచేసింది జర్మనీలో ట్రౌట్జ్ 1916లో, ఇంగ్లండ్‌లో లూయిస్ 1918లో. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, ఒకరి పని ఒకరికి తెలీదు. లూయిస్ హైడ్రోజన్ అయొడైడ్ విడిపోయే రేటుని కాగితం మీద లెక్కగట్టి ప్రయోగంతో పోలిస్తే దగ్గర దగ్గరగా వచ్చింది. మిగతా చాలావాటికి రాలేదు, కోణం గొడవ వల్ల.

చూడటం తరవాతి సంగతి. శూన్యం చేసిన పెట్టెలో రెండు సన్నని అణు ధారలని అడ్డంగా వదిలి, ముక్కలు ఏ దిక్కుకి ఎగిరాయో పట్టుకున్నారు. ఆ పనికి హర్ష్‌బాక్, లీలకి, వేరే పద్ధతిలో చర్యలని పరిశీలించిన పొలానీతో కలిపి 1986లో నోబెల్ ఇచ్చారు. మిథైల్ అయొడైడ్ అణువులని ఒకే దిక్కుకి తిప్పి నిలబెట్టి పొటాషియం పరమాణువులతో కొట్టి చూశారు కూడా. అయోడిన్ వైపు నుంచి తగిలితే చర్య బాగా జరిగింది, మిథైల్ వైపు నుంచి తగిలితే చాలా తక్కువ. వలుపు గారి కొబ్బరికాయే.

కొబ్బరి_వలుపు
నాకు నోబెల్ వద్దు, అంబాజీపేటలో కాయ రేటు పెంచండి చాలు.

కాలువగట్టు_ఇల్లు
అమ్మాయి లెక్క వేసింది. 53 కిలోజౌళ్ళకి, 298 దగ్గర సుమారు 195 కోట్ల గుద్దుల్లో ఒక్కటి గట్టు దాటుతుందట. 308 దగ్గర 97 కోట్లలో ఒక్కటి. దాదాపు సగం! కాగితం పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, రెండు శాతం కాదు, 195 కోట్లు 97 కోట్లయింది." వాళ్ళమ్మ ఏ పొలం బేరమో అనుకుంది.

అంతటితో ఊరుకోకుండా ఒకే పిండి రెండు గాజు గ్లాసుల్లో సగం సగం పోసి, రబ్బరు బ్యాండు పెట్టి గుర్తు పెట్టింది. ఒకటి ఏసీ గదిలో 24 దగ్గర, ఒకటి మేడ మీద గదిలో. అక్కడ 34 ఉంది, చేపల తొట్టిలో పెట్టే థర్మామీటరుతో చూసింది. బ్యాండు నుంచి అంగుళం లేవడానికి మేడ మీద గ్లాసుకి 4 గంటల 40 నిమిషాలు. ఏసీ గ్లాసు కోసం అలారం పెట్టుకుని తెల్లారి ఐదింటికి లేచింది. 10 గంటల 15 నిమిషాలు పట్టింది.

వేడివేడి_కాజా
2.2 రెట్లు! పూర్తిగా ఒప్పేసుకుంటున్నాను. నోట్సు రాసినవాళ్ళని ఇటు పంపండి.

సుద్దముక్క_రిటైర్డ్
శభాష్ అని చెప్పండి. ఒక హెచ్చరిక కూడా చెప్పండి. పిండి ఒక్క రియాక్షన్ కాదు, బతికున్న బాక్టీరియా మంద. అవి పిల్లలు పెట్టడం, గ్యాసు వదలడం, గ్లాసు గోడకి అంటుకోవడం అన్నీ కలిసి ఆ అంకె వచ్చింది. రెండుకి దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది.

పరీక్షలో ఇలా రాయమనండి: "ఉష్ణోగ్రత పెరిగితే అభిఘాతాల (గుద్దుల) సంఖ్య కొద్దిగానే పెరుగుతుంది, ఉత్తేజన శక్తికి మించిన శక్తి గల అణువుల భాగం చాలా పెరుగుతుంది, రేటు పెరగడానికి ముఖ్య కారణం అదే." ఏ దిద్దేవాడూ మార్కు కొయ్యడు.

కాలువగట్టు_ఇల్లు
రాసుకుంది మాస్టారూ. ఇప్పుడు కొత్తది మొదలెట్టింది. వేడి చేస్తే రేటు తగ్గే రియాక్షన్ ఏదైనా ఉందా అని.

సుద్దముక్క_రిటైర్డ్
ఉంది. నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ కలిసి గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ అయ్యేది. వేడి పెరిగితే నెమ్మదిస్తుంది. ఎందుకో రేపు చెబుతాను, ముందు తననే ఆలోచించమనండి. చిన్న సూచన: అక్కడ మూడు అణువులు కలవాలి. ముగ్గురూ ఒకేసారి గుద్దుకోవడం అరుదు కాబట్టి ముందు ఇద్దరు కాసేపు చేతులు పట్టుకుని నిలబడాలి.

మామిడికుదురు_మామ
ఆ రెండు గ్లాసుల పిండి ఏం చేశారో ఎవరూ అడగలేదు.

కాలువగట్టు_ఇల్లు
మేడ మీది గ్లాసు పొంగి గట్టు దాటింది, చీమలు తిన్నాయి. ఏసీ గ్లాసుతో రెండు ఇడ్లీలు వచ్చాయి. రెండూ అమ్మాయే తింది, మాకు పెట్టలేదు.